కిలిమంజారో: తగ్గిన ధర ఎవరి మీద పడుతుంది?

(విదేశాల్లో స్వచ్ఛంద సేవకు వెళ్లబోతున్న యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీలో కొందరు పాఠాలు చెప్పడానికి, కొందరు ఆసుపత్రుల్లో పనిచేయడానికి త్వరలో బయలుదేరుతున్నారు. తూర్పు ఆఫ్రికా వెళ్లేవారు ఎక్కువమంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అక్కడికి వెళ్లినవారి మాటల్లో నెల తిరగకుండానే ఒక పేరు దొర్లుతుంది, కిలిమంజారో. బడికి సెలవులు రాగానే నలుగురైదుగురు స్నేహితులు కలుస్తారు. ఫోన్లలో కంపెనీల ధరలు వెతుకుతారు. అన్నిటికంటే తక్కువ ఎవరు చెబుతున్నారో చూస్తారు. నేను మాట్లాడదలచుకున్నది ఆ ధర గురించే. కొండ అందం గురించి కూడా చెబుతాను, చెప్పకుండా ఉండలేను. అయితే ఆ ధర ఎక్కడెక్కడ కోతపెడితే తగ్గుతుందో మీరు డబ్బు కట్టకముందే తెలుసుకోవాలన్నది నా కోరిక.

నేను పాఠాలు చెప్పిన ఊరు మోషి. టాంజానియా ఉత్తరాన, కొండకు దక్షిణపు పాదం దగ్గర ఉన్న పట్టణం. చుట్టూ కాఫీ తోటలు, అరటి తోటలు. ఆ వాలుల్లో తరతరాలుగా ఉంటున్నవారు చాగా ప్రజలు. వాళ్ల వంటలో అరటికాయదే పెద్దపీట. అరటికాయను మాంసంతో ఉడికించి, మెత్తగా కలియబెట్టి చేసే మ్తోరి అనే చిక్కటి సూపును బాలింతలకు ప్రత్యేకంగా పెడతారు. చపాతీ, చాయ్ అక్కడ కూడా చపాతీ, చాయే. ఉదయం బడికి వెళ్లే వేళకు మబ్బు లేకపోతే తలెత్తగానే మంచు కనిపిస్తుంది. కాస్త పొద్దెక్కితే మబ్బు కమ్ముకుంటుంది, మళ్లీ సాయంత్రం దాకా కొండ ఉన్న జాడే ఉండదు.

అది ఒక్క కొండ కాదు. షిరా, మావెన్జీ, కిబో అనే మూడు అగ్నిపర్వతాల సముదాయం. అన్నిటికంటే ఎత్తైన కిబో అంచు మీద ఉంది ఉహురు శిఖరం, 5,895 మీటర్లు. భూమధ్యరేఖకు అంత దగ్గరలో మంచు ఉందని 1848లో యోహానెస్ రెబ్మాన్ అనే మత ప్రచారకుడు రాస్తే ఐరోపా పండితులు నమ్మలేదు. కొండ కింద కాపురముంటున్నవాళ్లకు ఆ సంగతి ఎప్పటి నుంచో తెలుసు, వాళ్లను ఎవరూ అడగలేదు. ఈ రోజు ఆ మంచు కరిగిపోతోంది. 1912 నాటి హిమానీనదాల విస్తీర్ణంలో 80 శాతానికి పైగా ఇప్పటికే పోయింది. మీరు వెళితే చూడగలిగేది అందులో మిగిలిన కాస్తే.

ఇక ఎత్తు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే ఎత్తైన శిఖరాలు, అరకు వైపు ఉన్నవి, 1,700 మీటర్లు దాటవు. మేము ఎంచుకున్న మచామే దారిలో నడక మొదలయ్యే గేటే దాదాపు 1,800 మీటర్ల మీద ఉంది. అంటే మన రాష్ట్రాల్లో ఏ కొండ కొన మీద నిలబడ్డా, అక్కడి మొదటి అడుగు కంటే కిందే ఉంటాం. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. శిఖరం దగ్గర ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ సముద్ర తీరంలో అందేదానిలో దాదాపు సగం. ఆ కొరతకు శరీరం తనంతట తాను సర్దుకుంటుంది, కానీ దానికి రోజులు కావాలి. కండబలంతో ఆ రోజులను తగ్గించలేం. రోజూ పరుగెత్తే ఇరవై ఏళ్ల కుర్రవాడు పడిపోవచ్చు, అరవై ఏళ్ల పెద్దావిడ నెమ్మదిగా నడిచి చేరుకోవచ్చు. అందుకే గైడ్లు మొదటి రోజు నుంచీ "పోలే పోలే" అంటూ ఉంటారు, మెల్లగా, మెల్లగా అని. మచామే దారిని వేసిన తీరు కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. మధ్యాహ్నానికి 4,600 మీటర్ల లావా టవర్ దాకా ఎక్కించి, రాత్రి పడుకోవడానికి 3,900 పైచిలుకు మీటర్ల బరాంకో శిబిరానికి దించుతారు. పగలు ఎత్తుకు ఎక్కి, రాత్రి తక్కువ ఎత్తులో పడుకుంటే శరీరం త్వరగా అలవాటు పడుతుంది.

ఇప్పుడు ధర దగ్గరకు వస్తాను. పార్కు వాళ్లు విదేశీయుల దగ్గర రుసుము రోజు లెక్కన వసూలు చేస్తారు. అది ప్రభుత్వానికి కట్టవలసిన సొమ్ము. ఏ కంపెనీ అయినా అందులో పైసా తగ్గించలేదు. అలాంటప్పుడు ఒక కంపెనీ మిగతావాళ్లకంటే బాగా తక్కువకు తీసుకువెళతానంటే ఆ తగ్గింపు ఎక్కడి నుంచి వస్తుంది? రెండే చోట్ల నుంచి రాగలదు. రోజులు తగ్గించాలి, లేదా మనుషుల మీద పెట్టే ఖర్చు తగ్గించాలి. రోజులు తగ్గిస్తే ఆ భారం మీ ఊపిరితిత్తుల మీద, మీ మెదడు మీద పడుతుంది. మనుషుల మీద ఖర్చు తగ్గిస్తే మీ సామాను మోసే పోర్టరు కడుపు మీద పడుతుంది. మేము బయలుదేరే ముందు ఈ లెక్కను ఇంత తేటగా మా ముందు పెట్టినవారు మా బడిలో లెక్కలు చెప్పే చాగా ఉపాధ్యాయుడు.

మేము ఐదుగురం. ఆ లెక్కల మాస్టారు, నైరోబీ నుంచి వచ్చిన ఒక నర్సు, పోలండ్ అమ్మాయి ఒకరు, తెనాలి వైపు నుంచి వచ్చి పిల్లలకు కంప్యూటర్ నేర్పుతున్న ఒక తమ్ముడు, నేను. మాస్టారు పుట్టింది ఆ కొండ వాలులోనే, కానీ అప్పటిదాకా కొండ ఎక్కలేదు. టాంజానియా పౌరులకు పార్కు రుసుము చాలా తక్కువే. అయినా పిల్లల చదువులు, ఇంటి పైకప్పు, ఇలా ఎప్పుడూ దానికంటే ముందు ఒక ఖర్చు ఉండేదన్నారు. ఆయన అన్నగారు మాత్రం ఏళ్ల తరబడి పోర్టరుగా కొండ మీదికి వెళుతున్నారు. ఆఖరి శిబిరం దాకా లెక్కలేనన్నిసార్లు మూట మోశారు. శిఖరం మీద ఒక్కసారి కూడా నిలబడలేదు. పోర్టర్ల పని సాధారణంగా ఆ శిబిరంతో ఆగిపోతుంది.

ఒక ఆదివారం మేము వాళ్ల ఇంటికి వెళ్లాం. మా ఫోన్లలో దాచుకున్న కంపెనీల పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే అన్నగారు విన్నారు. ఒక పేరు దగ్గర చెయ్యి అడ్డంగా ఊపారు. ఆ కంపెనీ పేరు నేను ఇక్కడ చెప్పను. వాళ్ల దగ్గర పనిచేసినప్పుడు కొండ మీద రోజుకు ఒక్కపూటే తిండి పెట్టేవారట. రాత్రి అతిథులు భోజనం ముగించి లేచేదాకా బయట చలిలో నిలబడి, ఆ తర్వాత అదే భోజనాల గుడారంలో ఒకరినొకరు ఆనుకుని పడుకునేవారట. చివర్లో అతిథులు ఇచ్చిన బహుమానంలో చేతికి ఎంత వస్తుందో ఎవరికీ తెలిసేది కాదట. ఆయన ఇదంతా కోపంతో చెప్పలేదు. బస్సు ఎన్ని గంటలకు వస్తుందో చెప్పినంత మామూలుగా చెప్పారు. అది విన్నాక మాలో ఎవరికీ ఆ ధర తక్కువగా కనిపించలేదు.

ఈ పరిస్థితి మార్చడానికి మోషిలోనే ఒక సంస్థ 2003 నుంచి పనిచేస్తోంది, కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్. చలి దుస్తులు, బూట్లు లేని పోర్టర్లకు ఉచితంగా అరువిస్తారు. పోర్టర్లకు సరైన కూలి, మూడు పూటల తిండి, పడుకోవడానికి తగిన గుడారం, మోయదగినంత బరువు ఇస్తామని ఒప్పుకుని, ఆ మాట నిలబెట్టుకునే కంపెనీల జాబితా కూడా వాళ్ల దగ్గర ఉంటుంది. మా కంపెనీని మేము ఆ జాబితాలో నుంచే ఎంచుకున్నాం. కొంచెం ఎక్కువ ఖర్చయింది. అందుకోసం సెలవుల దాకా ఆగి, డబ్బు కూడబెట్టుకుని వెళ్లాం.

గేటు దగ్గర నేను ఎక్కువసేపు చూసినది తూకం. కంపెనీ సామాను ఒక్కో పోర్టరుకు 20 కిలోలు మించకూడదన్నది నియమం. వరుసలో ఒక్కొక్కరే వచ్చి కొక్కేనికి మూట తగిలిస్తారు, పార్కు ఉద్యోగి ముల్లు చూసి రాసుకుంటాడు. గుడారాలు, కుర్చీలు, గ్యాసు సిలిండర్లు, బియ్యం, అట్టల్లో పేర్చిన కోడిగుడ్లు. ఒక మూట కాస్త బరువు తూగితే దాన్ని విప్పి, అందులోని బంగాళాదుంపల సంచి తీసి పక్కవాడి మూటలో పెట్టారు. అదంతా అయ్యాక మూటను తలమీదికో మెడమీదికో ఎత్తుకుని, మేము బూట్ల తాళ్లు బిగించుకునే లోపే అడవిలో కనుమరుగయ్యారు. మాతో వచ్చిన గైడ్లు, వంటవాడు, పోర్టర్లు అందరినీ కలిపితే మాలో ఒక్కొక్కరికి ముగ్గురు నలుగురి చొప్పున ఉన్నారు.

దారి అందం చెబుతానన్నాను. మొదటి రోజంతా నాచు వేలాడే తడి అడవి. రెండో రోజుకు చెట్లు పొట్టివై, పొదలై, రాతినేల మొదలవుతుంది. బరాంకో లోయలోకి దిగేటప్పుడు కనిపించే సెనీసియో మొక్కలను నేను మరిచిపోలేను. మనిషి కంటే ఎంతో ఎత్తున మొద్దులాంటి కాండం, దాని చుట్టూ ఎండిన ఆకుల దట్టమైన పొర, కొసన పచ్చటి ఆకుల గుత్తులు. ఎండిన ఆకులను ఆ మొక్క రాల్చదు, రాత్రి గడ్డకట్టే చలి నుంచి కాండాన్ని కాపాడేది ఆ పొరే. ఆ పక్కనే పెద్ద లోబీలియాలు చీకటి పడగానే ఆకులు ముడుచుకుని లోపలి మొగ్గను కప్పేస్తాయి. ఆ లోయలో ఇంకొక పూట ఉండి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మరునాటి బరాంకో గోడ అనే నిటారు కొండచరియ పెద్దగా భయపెట్టదు, చేతులతో పట్టుకుని ఎక్కాలి, అంతే.

నీళ్ల గురించి ఒక మాట చెప్పాలి. ఆ దారిలో నీళ్లు దొరికే ఆఖరి చోటు కరంగా లోయ. ఆ పైన 4,670 మీటర్ల దగ్గర ఉన్న బరాఫు శిబిరంలో చుక్క నీరు దొరకదు. అక్కడ మేము తాగిన టీ, గిన్నె కడిగిన నీళ్లు, శిఖరానికి పట్టుకుపోయిన సీసాల్లోని నీళ్లు అన్నీ కరంగా నుంచి ఎవరో ఒకరు గంటల తరబడి మోసుకొచ్చినవే. సాయంత్రం గుడారం ముందు ఒక చిన్న గిన్నెడు వేడినీళ్లు పెట్టి "ముఖం కడుక్కోండి" అన్నాడు ఒక పోర్టరు కుర్రాడు. మా లెక్కల మాస్టారు ఆ గిన్నె వైపు కాసేపు చూసి, ఒక తువ్వాలు అంచు తడిపి ముఖం తుడుచుకుని, మిగిలిన నీళ్లు వంటగుడారానికి తిరిగి పంపించారు. మేమూ అలాగే చేశాం.

అర్ధరాత్రికి శిఖరం వైపు బయలుదేరాం. అందరి నుదుటి మీదా దీపాలు. సీసా మూత గడ్డకట్టకుండా సీసాను తలకిందులుగా పెట్టుకోవాలని గైడు చెప్పాడు. ఆ వేళకు వెళ్లడానికి కారణం ఉంది. పగటి ఎండకు జారిపోయే కంకర నేల రాత్రి చలికి బిగుసుకుని అడుగు నిలుస్తుంది. మధ్యాహ్నం మబ్బులు రాకముందే పైనుంచి దిగిరావచ్చు కూడా.

గంటలు గడిచాయి. 5,200 మీటర్ల ప్రాంతంలో మా తెనాలి తమ్ముడు కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తున్నాడు. గైడు ఆగి "ఎలా ఉన్నావు" అని ఇంగ్లీషులో అడిగితే "బాగానే ఉన్నాను" అన్నాడు, అదీ ఇంగ్లీషులోనే. నోటికి అలవాటైన ఆ మాట స్పృహ సగం తప్పినవాళ్లు కూడా చెప్పగలరు. నేను తెలుగులో అడిగాను, "తమ్ముడూ, విజయవాడలో రైలు దిగితే మీ ఇంటికి ఎలా రావాలి?" అని. "అక్కా, అక్కడి నుంచి... అక్కడి నుంచి..." అని ఆగిపోయాడు. మళ్లీ అదే మాట అన్నాడు. రోజూ పలికే తన ఊరి పేరు నోటికి రాలేదు. ఆ సంగతి గైడుకు చెప్పాను. ఆయన ఒక గీత చూపించి, మడమకు బొటనవేలు ఆనేలా అడుగులో అడుగు వేసి నడవమన్నాడు. రెండో అడుగుకే అతను పక్కకు ఒరిగాడు.

తలనొప్పి, వికారం అంత ఎత్తులో చాలామందికి వస్తాయి, విశ్రాంతితో తగ్గవచ్చు. మాట తడబడటం, అడుగు తడబడటం వేరు. మెదడులో వాపు మొదలైందనడానికి అవి గుర్తులు. అలాగే కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, ఆగని దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. ఈ రెండింటికీ అసలు మందు ఒకటే, వెంటనే కిందికి దిగడం. తెల్లవారేదాకా చూద్దాం అనుకోవడానికి వీల్లేదు. ఆక్సిజన్, మందులు ఆ దిగే వ్యవధిలో ఆసరా ఇస్తాయి, అంతకు మించి కాదు. ప్రధాన గైడు ఎవరి అభిప్రాయమూ అడగలేదు, అడగనవసరం కూడా లేదు. "ఇతను దిగుతున్నాడు" అన్నాడు.

ఐదుగురికి ఒక్కడే గైడు ఉండి ఉంటే ఏం జరిగేదో ఆలోచించండి. ఒకరి కోసం అందరూ దిగాలి, లేదా జబ్బుపడినవాడిని చీకట్లో శిక్షణ లేని మనిషితో పంపాలి. గైడ్ల సంఖ్య కూడా ధర తగ్గించడానికి కోసే పద్దుల్లో ఒకటి. మా వెంట సరిపడినంత మంది సహాయక గైడ్లు ఉన్నారు. వారిలో ఒకరు ఆక్సిజన్ పట్టుకుని తమ్ముడి భుజం కింద చెయ్యి వేశారు. రెండో వైపు నేను పట్టుకున్నాను. అతని మాట కుదుటపడుతోందో లేదో దారి పొడుగునా కనిపెట్టాలంటే పక్కన తెలుగు వచ్చినవారు ఉండాలి. ఆ గుంపులో అది నేనొక్కదాన్నే. శిఖరం వదులుకున్నానన్న బాధ నాకు లేదు, అప్పుడూ లేదు. బరాఫు దాటి ఇంకా దిగి, 3,800 మీటర్ల దగ్గరి శిబిరానికి చేరేటప్పటికి పొద్దెక్కింది. అక్కడ రాతి మీద కూర్చుని అతను తనంతట తానే "అక్కా, విజయవాడలో తెనాలి వైపు వెళ్లే ఏ రైలైనా ఎక్కవచ్చు" అన్నాడు. అప్పటిదాకా గట్టిగా ఉన్న నాకు అప్పుడు కన్నీళ్లు ఆగలేదు.

మిగిలిన ముగ్గురూ 5,756 మీటర్ల స్టెల్లా పాయింట్ దాకా వెళ్లారు. అక్కడి నుంచి పోలండ్ అమ్మాయి వెనుదిరిగింది. మాస్టారు, నర్సు ఉహురు చేరుకున్నారు. సాయంత్రం కలిసినప్పుడు మాస్టారు మంచుగోడల గురించి చెప్పి, ఆ తర్వాత అన్నారు, "మా ఇంట్లో ఈ కొండ మీద బతికినవాళ్లు ఉన్నారు, దాని కొన చూసినవాడిని నేనే మొదటివాడిని" అని.

చరిత్ర పుస్తకాల్లో కూడా ఇదే కనిపిస్తుంది, కొన చేరినవారి పేర్లే ముందు నిలుస్తాయి. 1889 అక్టోబరు 6న శిఖరం చేరినవారుగా హాన్స్ మేయర్, లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ పేర్లు అందరూ చెబుతారు. అంతకుముందు మేయర్ ప్రయత్నాలు విఫలమయ్యాయి. ఆసారి మధ్యలో శిబిరాలు వేసి, కొండ కింది మరాంగు ఊరి నుంచి మనుషులు ఎప్పటికప్పుడు తిండి పైకి చేరవేసేలా ఏర్పాటు చేసుకున్నాడు. పై శిబిరంలో వారికి తోడుగా ఉండి కనిపెట్టుకున్నవాడు పంగాని తీరం నుంచి వచ్చిన ముయిని అమానీ. మరాంగుకు చెందిన యోహాని కిన్యాలా లౌవో దారి చూపాడని టాంజానియాలో గౌరవంగా చెప్పుకుంటారు, నూరేళ్ల సందర్భంగా 1989లో ఆయనను సత్కరించారు కూడా. 2014లో ఎవరెస్ట్ ఎక్కి, ఆ తర్వాత 2016లో కిలిమంజారో కూడా ఎక్కిన మన మాలావత్ పూర్ణ పేరు మీ అందరికీ తెలుసు. ఆ అమ్మాయి సాధనను తలచుకుని మీరు సాధన చేయండి. అలాగే మీ మూట మోసినవారి పేర్లు అడిగి తెలుసుకుని, రాసిపెట్టుకోండి.

(సభలో నుంచి ఒక విద్యార్థిని: "మేడమ్, మాకు అంత డబ్బు ఉండదు. స్వచ్ఛంద సేవకులమని చెబితే కంపెనీలు తగ్గించవా?")

అడిగితే కొందరు తగ్గిస్తారమ్మా. కానీ ఎక్కడ తగ్గించారో తప్పకుండా అడగండి. గైడ్లు ఎంతమంది, పోర్టరుకు రోజుకు ఎంత ఇస్తారు, ఎన్ని పూటలు పెడతారు, ఎక్కడ పడుకుంటారు, బహుమానం పోర్టర్ల చేతికే అందుతుందా. వీటికి నీళ్లు నమిలే కంపెనీని వదిలేయండి. బహుమానం ఇచ్చేటప్పుడు అందరినీ పిలిచి, ఎవరికి ఎంతో అందరి ముందూ చెప్పి ఇవ్వండి. డబ్బు నిజంగా సరిపోకపోతే, కొండ కింది ఊళ్లకు వెళ్లండి. మరాంగు వాగుల వెంట నడవండి, ఒక చాగా ఇంట్లో భోజనం చేయండి. అదీ కిలిమంజారోయే. వేరొకరి పూటకూడు కోసి ఎక్కేదానికంటే అది వెయ్యి రెట్లు మేలు.

("ఏ నెలల్లో వెళ్లాలి? ఇంకేమైనా జాగ్రత్తలు?")

మార్చి చివరి నుంచి మే దాకా పెద్ద వానలు, అప్పుడు వద్దు. జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి, జూన్ చివరి నుంచి అక్టోబరు దాకా బాగుంటాయి. ఒక రోజు ఎక్కువ ఉన్న ప్రణాళికే తీసుకోండి. ఎత్తుకు వేసుకునే మాత్రలు డాక్టరును అడగకుండా వేసుకోకండి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి తప్పక చెప్పాలి. నిద్రమాత్రలు, మద్యం దగ్గరికి రానివ్వకండి. బీమా తీసుకునేటప్పుడు 6,000 మీటర్ల దాకా వర్తిస్తుందో లేదో కాగితం మీద చూసుకోండి. పర్యాటక వీసా మీద స్వచ్ఛంద సేవ చేయడం టాంజానియాలో కుదరదు, దానికి వేరే అనుమతి ఉంది, అది ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. బూట్లు మాత్రం చివరి వారంలో కొనవద్దు. ఇప్పుడే కొని, వాటితోనే రోజూ నడవండి. ఆ పోర్టర్ల సంస్థ చిరునామా, కంపెనీలను అడగవలసిన ప్రశ్నలు రాసిన కాగితం బయట బల్ల మీద పెట్టాను, ఒక్కొక్కరు ఒకటి తీసుకోండి.